‘వ’కు తోక పెడితే ‘మ’ వచ్చిందా? ఒక బొమ్మల ఎపిసోడ్ కేస్ స్టడీ

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం హన్మకొండలో తీసిన 22 నిమిషాల తెలుగు కార్యక్రమం ఇది. చేతిబొమ్మలు, కార్టూన్ ముక్కలు, రెండు పాటలు ఉన్నాయి. తొలి ఎపిసోడ్ నేర్పాల్సినవి రెండే: వ, మ అక్షరాలను చూసి గుర్తుపట్టడం, ఐదు దాకా వస్తువులను లెక్కపెట్టడం. మొదటి కట్‌ను, అంటే ఎడిట్ చేసిన తొలి రూపాన్ని, అంగన్‌వాడీ పిల్లలకు చూపిస్తే పడీపడీ నవ్వారు, కదలకుండా కూర్చున్నారు. అయిపోయాక అట్టముక్క మీద మ రాసి చూపిస్తే చాలామంది ‘మేక’ అన్నారు. అక్షరం పేరు చెప్పలేదు, బొమ్మ పేరు చెప్పారు. ‘ఆవు’ అన్న మాటను కొందరు ‘ఆమ’ అని చదివారు. మొదటి తప్పు స్క్రిప్టుది, రెండోది కార్టూన్‌ది. రెండూ ఎందుకు జరిగాయో, ఎట్లా సరిచేశామో, మధ్యలో బొమ్మ తయారీ, లైటు, పాట ఎక్కడెక్కడ అడ్డం పడ్డాయో ఇక్కడ రాస్తున్నాం.

ఈ ఈడు పిల్లలకు టీవీ పాఠం వేరు. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో బడి పాఠాలు వచ్చినప్పుడు అవి 3వ తరగతి నుంచి పైవాళ్లకే. ఆ ఈడు పిల్లలు బోర్డు ముందు నిలబడి చెప్పే టీచరును కాసేపైనా వింటారు. నాలుగేళ్ల పిల్ల వినదు. ఆమెకు మొహం కావాలి, కదలిక కావాలి, కథలో ఎవరికో ఏదో కష్టం రావాలి. 1969 జులైలో అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ ప్రయోగాత్మక ఎపిసోడ్లను ఫిలడెల్ఫియాలో పిల్లలకు చూపించినప్పుడు తేలిందీ ఇదే. కల్పననూ నిజాన్నీ కలపొద్దని మనస్తత్వ నిపుణులు చెబితే, వీధి సీన్లలో మనుషులను మాత్రమే పెట్టారు. బొమ్మలు వచ్చినప్పుడు చూసిన పిల్లలు, వీధి సీన్లు రాగానే చూపు తిప్పేశారు. దాంతో ఆ సలహాను పక్కనపెట్టి బొమ్మలను వీధిలోకే తెచ్చారు. నవంబర్ 10న ప్రసారం మొదలయ్యేనాటికి బిగ్ బర్డ్ అనే పెద్ద పిట్టబొమ్మ మనుషుల మధ్య తిరుగుతోంది.

మన మొదటి కట్‌లో బొమ్మలూ మనుషులూ కలిసే ఉన్నారు. కానీ అక్షరం మాత్రం విడిగా, వెనక బోర్డు మీద ఉండిపోయింది.

స్క్రిప్టు: అక్షరం ఎవరికి అవసరం?

పాత్రలు మూడు. మంగి అనే మేకపిల్ల, పిట్టవ్వ అనే పాలపిట్ట, వాళ్లతో మాట్లాడే ఒక అక్క. సెట్టు మార్కెట్ యార్డులో ఒక మూల. వరంగల్ చుట్టుపక్కల పిల్లలకు ఎనుమాముల మార్కెట్ గురించి వివరించనక్కర్లేదు. వడ్లు, మక్కలు, పత్తి, మిర్చి, వాటి సంచులు, కాంటాలు ఇంట్లో రోజూ వినేవే.

మొదటి స్క్రిప్టులో అక్క బోర్డు మీద మ చూపించి ‘మ అంటే మేక’ అనేది, పక్కన మంగి ఎగిరేది. పిల్లల చూపు ఎగిరే మేక మీద ఉంది, బోర్డు మీద లేదు. అందుకే మ చూపిస్తే ‘మేక’ అన్నారు. పిల్లలది తప్పేం కాదు, మేం చూపించిందే అది.

రెండో స్క్రిప్టులో అక్షరం సంచి మీదికి వచ్చింది. మంగికి ఆకలి. రెండు సంచుల మూతులు కట్టేసి ఉన్నాయి. ఒకదాని మీద వ, ఇంకోదాని మీద మ. మంగికి మక్కలు కావాలి.

“అక్కా, గీ సంచిల మక్కలున్నయా?”
“సంచి మీద ఏం రాసున్నదో సూడు బిడ్డా.”
“నాకు సదువు రాదు గదక్కా, ఆకలైతాంది!”
“మక్కలు అను. ముందు ఏ సప్పుడొస్తది?”
“మ్‌... మ్‌... మ!”

మంగి తప్పు సంచి విప్పుతుంది, వడ్లు మీద పడతాయి. పిల్లలు నవ్వేది అక్కడే. నవ్వు తెప్పించేదీ అక్షరమే, ఆకలి తీర్చేదీ అక్షరమే. ఈ సీను 1 నిమిషం 50 సెకన్లు. అంతకు మించి సాగదీస్తే పిల్లలు పట్టు వదిలేస్తారు. స్క్రిప్టు రాసేవాళ్లు ప్రతి సీనుకూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇందులోంచి అక్షరం తీసేస్తే కథ నడుస్తుందా? నడిస్తే ఆ సీను తిరగరాయాలి.

భాష గురించి ఒక మాట. బొమ్మలు ఇంటి భాష మాట్లాడతాయి, అక్క కొంచెం బడి భాష వైపు మొగ్గుతుంది, అక్షరం కింద వచ్చే మాట పుస్తకంలో రాసినట్టే ఉంటుంది. ‘మొక్కజొన్న’ అని రాసి మక్కలు చూపిస్తే ‘మ’ ధ్వని ‘మొ’ అయిపోతుంది, పైగా ఈ పిల్లలు ఇంట్లో అనేది మక్కలే. మొదటి ధ్వని శుద్ధమైన ‘మ’ ఉన్న మాటలే ఎంచుకోవాలి: మక్కలు, మంచం, మడి. మేక, మామిడి ఇంకా రావు, గుణింతం తర్వాతే. ‘వ’కు వల, వడ్లు, వంకాయ. మేకపిల్లకు మంగి అని పేరు పెట్టింది కూడా ఇందుకే. మొదటి కట్‌లో దాని పేరు వేరు, మా నోటినుంచి వచ్చేది మాత్రం ‘మేక’. ఒక్క ఏత్వంతో పాఠం పక్కకు జరిగింది.

నోరు మూయని మేక

‘మ’ ఓష్ఠ్యం, అంటే రెండు పెదాలూ కలిస్తేనే పలుకుతుంది. నోరు తెరిచి మూసే చేతిబొమ్మకు ఇంతకన్నా అనువైన అక్షరం లేదు. బొమ్మ నోరు గట్టిగా మూసి, ఒక సెకను ఆగి, ‘మ’ అని తెరిస్తే, చూసే పిల్ల తన పెదాలు కూడా మూస్తుంది. ‘వ’ దంత్యోష్ఠ్యం. పై పళ్లు కింది పెదవికి తాకాలి. మంగికి పళ్లు లేవు, పిట్టవ్వకు ముక్కే తప్ప పెదాలు లేవు. కాబట్టి ‘వ’ చూపించాల్సింది అక్క మొహమే, అదీ గడ్డం నుంచి ముక్కు దాకా నిండే క్లోజప్‌లో. ఏ అక్షరం ఎవరు పలకాలన్నది నోటిని బట్టి తేల్చుకోవాలి, ఏ పాత్ర ముద్దొస్తుందన్నదాన్ని బట్టి కాదు.

మొదటి కట్‌లో మంగి ‘మ’ అనేటప్పుడు నోరు అరవేలు తెరుచుకునే ఉంది. షూటింగులో ఎవరి కంటా పడలేదు, కట్ చేసి చూస్తే ప్రతి క్లోజప్‌లోనూ ఉంది. కారణం నోటి కీలు. నోటి పలకలు 5 మి.మీ. హవాయి చెప్పుల షీటుతో కోసిన రెండు అర్ధచంద్రాలు. వాటిని అంచుకు అంచు ఆనించి, చెయ్యి పెట్టే వైపు నుంచి బైండింగ్ బట్ట అతికించారు. మూసినప్పుడు అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుని పలకలు కలవవు. బట్ట చెయ్యి వైపు ఉంటే రెండు పలకల మందం కలిపినంత సందు, అంటే ఇక్కడ 10 మి.మీ., వదిలి అతికించాలి. లేదా బట్టను నోటి లోపలి వైపు వేస్తే సందు లేకున్నా మూసుకుంటుంది, కానీ బట్ట అంచు కెమెరాకు కనబడుతుంది, దాని మీద నాలుకో ఎర్రబట్టో కప్పాలి. మేం సందు వదిలే పద్ధతి పట్టాం.

తలకు 12 మి.మీ. స్పాంజ్. సోఫాలు కుట్టే దుకాణంలో 32 డెన్సిటీ అంటే ఇస్తారు. ఇంకా మెత్తదైతే నోరు మూసినప్పుడు బుగ్గలు లోపలికి పోతాయి. 40 దైతే బొమ్మ ఆడించే చెయ్యి త్వరగా పీకుతుంది. అతికించేందుకు చెప్పులవాళ్లు వాడే రబ్బరు సొల్యూషన్ రెండు అంచులకూ పల్చగా పూసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. మే ఎండలో మూడు నాలుగు నిమిషాలు చాలు, ముసురు పట్టినప్పుడు పది దాటుతుంది. తొందరపడి తడిమీద నొక్కితే మరునాటికి అతుకు విడుతుంది. తెల్ల బంక వాడొద్దు. ఎండితే గట్టిపడి, మడతపడే చోటల్లా పెళుసై విరుగుతుంది. తల మొత్తం బరువు 300 గ్రాములు దాటనివ్వకూడదు. చెయ్యి తలకన్నా పైకెత్తి పట్టుకోవాల్సిన బరువు ఇది.

పూర్వపు వరంగల్ జిల్లాలో అమ్మాపురం కొయ్యబొమ్మలాటకు పేరు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర తేలిక, చెక్కడం సులువు. పిట్టవ్వ ముక్కు ఆ కర్రతోనే. తల మొత్తం కర్రతో చెక్కితే ఎంత అందంగా ఉన్నా క్లోజప్‌లో మొహం బిగుసుకుపోయినట్టుంటుంది. కర్రబొమ్మ ఆటంతా ఒళ్లంతటి కదలికలో ఉంటుంది, టీవీ క్లోజప్ అడిగేది కళ్లు, నోరు. రెండూ రెండు కళలు.

కళ్లకు 40 మి.మీ. టేబుల్ టెన్నిస్ బంతిని సగానికి కోస్తారు. కోసినదాన్ని అలాగే పెడితే లైటు దాని మీద తళుక్కుమని నల్లగుడ్డు మాయమవుతుంది. 400 నంబరు ఎమరీ పేపరుతో తడిపి రుద్దితే మెరుపు పోతుంది. నల్లగుడ్లను నడిమధ్యన అతికిస్తే బొమ్మ ఎటో చూస్తున్నట్టుంటుంది. ముక్కు వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపితే చూపు ఒకచోట నిలుస్తుంది. అంతకన్నా జరిపితే మెల్ల. చేతులకు గొడుగు కడ్డీలు, మెరుపు లేని నల్లరంగు పూసి.

ఆడించేవాళ్లకు ఎక్కువ నేర్పాల్సి వచ్చింది ఒక్కటే. నోరు తెరవాలంటే నాలుగు వేళ్లు పైకెత్తకూడదు, బొటనవేలు కిందికి దించాలి. వేళ్లు పైకెత్తితే తల వెనక్కి పడి, కళ్లు ఆకాశం చూస్తాయి. ప్రతి అక్షరానికీ నోరు తెరవడం కూడా తెలుగులో పనికిరాదు. మన యాస వేగంలో అది చేపనోరవుతుంది. దీర్ఘాలకూ, నొక్కి పలికేచోటా తెరిచి, మ, ప, బ వచ్చినచోట తప్పక మూయాలి. ‘అమ్మ’లో తెరవడం, మూసి పట్టడం, మళ్లీ తెరవడం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట అయిపోయాక నోరు తెరిచే ఉండిపోవడం కొత్తవాళ్లందరికీ పట్టే జబ్బు. లోగొంతులో ‘మ్’ అనుకుని ముగించమంటే కుదురుతుంది. మానిటర్ చూస్తూ ఆడించాలి. అందులో ఎడమ కుడీ అద్దంలోలా ఉండవు కాబట్టి మొదటి రెండు రోజులూ బొమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అది మామూలే.

వెలుగు, రంగు, చప్పుడు

మొదట ఫోన్ కెమెరాలో సెకనుకు 30 ఫ్రేములతో తీశారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో హాలు ట్యూబులైట్ల కింద పట్టీలు పట్టీలుగా వెలుగు కదిలింది. 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు సెకనుకు మార్చగానే పోయింది. చేర్యాల నకాశీ పటాల తీరులో ఎర్రటి తెర వేశారు. చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ గోధుమరంగు మంగి దాని ముందు కలిసిపోయింది. పైగా వీడియో కుదించేటప్పుడు రంగు సమాచారం వెలుగు కన్నా తక్కువ దాచుకుంటారు కాబట్టి ఎరుపు అంచులు ముక్కలు ముక్కలుగా పగిలాయి. ఎర్రతెరను పాట సీనుకు, అక్క తెల్లచీర కట్టుకున్న చోటికి మార్చి, సంచుల సీనుకు మట్టిగోడ రంగు వేశారు. వెనక దృశ్యం తర్వాత అతికించేందుకు వాడే ఆకుపచ్చ తెర జోలికి పోలేదు. పిట్టవ్వ నీలి రెక్కల అంచుకు ఆకుపచ్చ మెరుపు అంటుకుంటే తీయడం గంటల పని.

గది గోలకు కొత్తవాడ జంపఖానాలు మూడు గోడలకు వేలాడదీశారు. ప్రతిధ్వని తగ్గింది. మైకు బొమ్మలో పెట్టొద్దు, స్పాంజ్ గొంతును మింగేస్తుంది. ఆడించేవాళ్ల నుదుటి పట్టీకి పెట్టాలి.

తోక తెచ్చిన తంటా

ఈ కేసులో అసలు పాఠం ఇక్కడుంది. కార్టూన్ ముక్క 40 సెకన్లు. సెకనుకు పన్నెండున్నర బొమ్మల చొప్పున 500 గీయాలి. చక్కటి ఆలోచనతోనే మొదలైంది. వ గుండ్రంగా దొర్లుకుంటూ వస్తుంది, దానికి కుడివైపు మేక తోక మొలుస్తుంది, మ అవుతుంది. పిల్లలకు తెగ నచ్చింది. ఎపిసోడ్ చివర అక్క ‘ఆవు’ అని రాసిన బోర్డు చూపించి, ఇందులో వ ఎక్కడుందో కనుక్కోమంటుంది. పిల్లలు వ పక్కన తోక చూశారు. తోక ఉంటే మ అని మనమే చెప్పాం కదా. ‘ఆమ’ అన్నారు.

తెలుగు లిపి ఈ గొడవను ముందే ఊహించి దారి వేసుకుంది. క, త లాంటి వాటికి కొమ్ము తల పక్క నుంచి వస్తుంది. ప, ఫ, వలకు మాత్రం అడుగు నుంచి దిగి పక్కకు లేస్తుంది. వకు కూడా పైనుంచే పెడితే అది మ లాగే కనబడేది. ఈ తేడా పెద్దల కంటికి ఎప్పుడో అలవాటైపోయింది, నాలుగేళ్ల కంటికి ‘తోక’ అన్నమాటలో రెండూ ఒకటే. పోలికలున్న అక్షరాలను ఒకదానిలోంచి ఒకటి పుట్టించి చూపడం గీసేవాళ్లకు సరదా, నేర్చుకునేవాళ్లకు చిక్కు.

కొత్త కార్టూన్‌లో ఒక అక్షరం ఇంకోటిగా మారడం లేదు, అక్షరం రాయడమే ఉంది. పసుపు చుక్క దగ్గర గీత మొదలవుతుంది, వేలు పట్టుకుని దిద్దించినంత నెమ్మదిగా మ పూర్తవుతుంది, అప్పటిదాకా శబ్దం లేదు. తర్వాత 2 సెకన్ల ఖాళీ. ఆ తర్వాతే ‘మ’. ఖాళీ ఎందుకంటే, ‘సెసమీ స్ట్రీట్’ పరిశోధకులు నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ అక్షరాలు చదివే ముక్కను పరీక్షించినప్పుడు, అక్షరం ముందు కనబడి పేరు కాసేపటికి వినబడడం వల్ల పిల్లలు మొదట ఆయన వెనక అన్నారు, మళ్లీమళ్లీ చూశాక ఆయన కన్నా ముందే అనేశారు. ఖాళీ లేకపోతే పిల్లకు ముందే అనే అవకాశమే లేదు. అక్షరం ఆకారం కూడా వాచకంలో ఉన్నట్టే ఉండాలి. టైటిల్ కోసం తెచ్చిన అలంకార ఫాంటులో తలకట్టు విడిపోయి వ కాస్తా ప లాగా కనబడింది, తీసేశారు. వ, మలను ఒకే కార్టూన్‌లో కలపలేదు, మధ్యన పాట వచ్చింది. ‘ఆవు’ను ఈ ఎపిసోడ్ నుంచే తొలగించారు.

పాటలో లెక్క

బతుకమ్మ పాటల వరస ఎంచుకోవడం మంచిదైంది. ఒకరు అంటే అందరూ ‘ఉయ్యాలో’ అని అందుకోవడం పిల్లలకు చెప్పకుండానే వచ్చు. ఆ పల్లవి దగ్గరే వాళ్లకు చోటు దొరుకుతుంది. మొదటి రికార్డింగు పాడినాయన శ్రుతిలో ఉంది, పిల్లలకు మరీ కింద. నోరు కదిపారు తప్ప గొంతు కలపలేదు. ఒకటో శ్రుతిలో మధ్యస్థాయి ‘స’ నుంచి ‘ద’ లోపల ఉండేలా తిరిగి కట్టి, ఆడగొంతుతో పాడించారు.

లెక్కలో ఇంకో గుంట ఉంది. ‘ఒకటి’లో మూడు అక్షరాలు, ‘రెండు’లో రెండు, ‘నాలుగు’లో మూడు. పాటలో లెక్కపెట్టేది వంకాయలను. సాగదీసి పాడితే పిల్ల వేలు అక్షరానికో వంకాయను తాకుతుంది, ఒకటి అనేసరికి మూడు వంకాయలు అయిపోతాయి. కాబట్టి వంకాయ బుట్టలో పడడం, డప్పు దెబ్బ, అంకె మొదటి అక్షరం మూడూ ఒకే ఫ్రేములో రావాలి. అంకె పూర్తయ్యేదాకా తెరమీద ఇంకేదీ కదలొద్దు. మొదటి కట్‌లో వెనకాల పిట్టవ్వ తాళానికి తగ్గట్టు ఊగుతూ ఉండేది. పిల్లలు ఊపులు లెక్కపెట్టారు.

పరీక్ష

పద్ధతి పాతదే, ‘సెసమీ స్ట్రీట్’ తొలినాళ్ల నుంచి తెచ్చుకున్నది. టీవీ పక్కన ఇంకో తెర పెట్టి అందులో 7.5 సెకన్లకు ఒకటి చొప్పున బొమ్మలు మారుస్తారు. పిల్ల చూపు ఎప్పుడు పక్క తెరకు పోయిందో గుర్తిస్తారు. ఇక్కడ పక్క తెర ఒక ల్యాప్‌టాప్, అందులో బస్సులు, గాలిపటాలు, మిఠాయిల ఫోటోలు. నలుగురైదుగురు పిల్లలకు మించి ఒకసారి కూర్చోబెట్టొద్దు, ఒకరు తలతిప్పితే అందరూ తిప్పుతారు. రాసుకునేవాళ్లు ఇద్దరు, కాగితం మీద 30 సెకన్లకో గడి, విడివిడిగా నింపాలి. టీవీ పక్కనుంచి పిల్లల మొహాలను ఫోనులో తీస్తే అనుమానం వచ్చినచోట మళ్లీ చూసుకోవచ్చు. ఇందుకు తల్లిదండ్రుల ఒప్పుకోలు ముందే తీసుకుని, పని అయ్యాక చెరిపేయాలి. అన్నం తిన్నాక పరీక్ష పెడితే ఫలితం నిద్రది అవుతుంది, ఎపిసోడ్‌ది కాదు.

చూపు నిలిచినంత మాత్రాన నేర్చినట్టు కాదన్నది మొదటి కట్టే చెప్పింది. అందుకే చూశాక ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మూడు పనులు ఇచ్చారు: నాలుగు అట్టముక్కల్లోంచి మ తీసివ్వడం, ‘మంచం, వల, మడి’ వినిపించి ‘మ’ ఉన్నవాటికి చప్పట్లు కొట్టడం, గిన్నెలోంచి నాలుగు చింతగింజలు తీసివ్వడం. అట్టముక్కల్లో ‘వు’ తప్పకుండా ఉండాలి.

రెండో కట్‌లో సంచుల సీను దగ్గర ల్యాప్‌టాప్ వైపు చూపులు బాగా తగ్గాయి. కార్టూన్‌లో ‘మ’ వినబడకముందే ‘మ’ అని అరిచినవాళ్లు మూడో రోజు కనబడ్డారు, అదే ఎపిసోడ్ మూడు రోజులు వరసగా వేశాక. మ అట్టను మేక అన్నవాళ్లు లేరు. ‘వు’ను మ అని తీసిచ్చినవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. చెప్పనిదాన్ని తెలుసుకోవాలని ఆశించడం న్యాయం కాదు కాబట్టి ఆ తప్పును లెక్కలోంచి తీసి, కొమ్ము ఎపిసోడ్ వచ్చాక మళ్లీ అడగాలని రాసిపెట్టుకున్నారు.

ములుగు, మహబూబాబాద్ వైపు ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లల కోసం ఇదే ఎపిసోడ్ మాటలు మార్చాలంటే ముందే చూసుకోవాల్సింది ఒకటుంది. సంభాషణ, పాట, సంత చప్పుడు మూడు వేర్వేరు ట్రాకులుగా దాచుకోవాలి. మంగి క్లోజప్‌లు మాత్రం డబ్బింగుకు లొంగవు. నోరు మూసి తెరిచేది ‘మ’కు అతికినట్టు తీశాం కాబట్టి, ఆ 1 నిమిషం 50 సెకన్లు మళ్లీ తీయాల్సిందే.